సముద్రం లేని షహర్, సాగర్ ఒడ్డు తస్వీర్లు

మన షహర్‌కి సముద్రం లేదు. బందరు తీరం చేరాలంటే మూడొందల కిలోమీటర్లు దాటి పోవాలి. అయినా హైదరాబాదీ ఖాందాన్ల పాత ఆల్బంలు తిరగేస్తే నీళ్ల ఒడ్డు ఫోటోలు ఎన్నో కనిపిస్తాయి. టాంక్‌బండ్ గోడకి ఆనుకుని నిలబడ్డ షేర్వానీ, గండిపేట కట్ట దగ్గర పరిచిన దస్తర్‌ఖాన్, స్టూడియో పర్దా మీద రంగులతో వేసిన నీళ్ల ముందు కుర్సీలో కూర్చున్న కొత్త దుల్హా. సముద్రం లేని మనకి ఈ షౌఖ్ ఎక్కడిది?

ఒడ్డుకి పోయి ఫోటో దిగడం అనే రివాజు ముందు ఇంగ్లండ్‌లో పెరిగింది. దాన్ని మొదలుపెట్టింది అక్కడి హకీములే అనాలి. 1750లలో రిచర్డ్ రస్సెల్ అనే డాక్టరు సముద్రపు నీళ్లలో షిఫా ఉందని కితాబు రాస్తే, మరీజులు బ్రైటన్ దారి పట్టారు. తర్వాత రైలు వచ్చింది, మజ్దూర్లు కూడా సెలవురోజున ఒడ్డుకి పోగలిగారు. వాళ్ల వెనకే కెమెరా పట్టుకున్నవాళ్లూ ఇసుకలోకి దిగారు. ఇలాజ్‌గా మొదలైంది తఫ్రీహ్‌గా మారింది. తఫ్రీహ్ కాస్తా యాద్‌గార్ అయింది.

మన కథ వేరు. మనకి ఒకప్పుడు సముద్రం ఉండేది. బందర్ అంటే ఫార్సీలో రేవు. మచిలీపట్నం గోల్కొండ సల్తనత్‌కి రేవు. కళంకారీ బట్ట అక్కడి నుంచే ఓడలెక్కి ఇరాన్ దాకా పోయేది. ఆసఫ్‌జాహీల జమానాలో, 1766 ఒప్పందంతో ఉత్తర సర్కార్లు ఈస్టిండియా కంపెనీ పాలయ్యాయి. తీరం పోయింది. నిజాం రియాసత్ నాలుగు వైపులా నేలే మిగిలిన ముల్క్ అయింది.

కానీ 'సాగర్' అనే మాట అంతకు ముందే మన దగ్గర ఉంది. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 1562లో, హజ్రత్ హుసేన్ షా వలీ కట్టించిన చెరువే హుసేన్ సాగర్. ఆ బుజుర్గ్ దర్గా ఇప్పుడు ఐటీ కారిడార్ పక్కనే ఉంది. షేక్‌పేట నుంచి గచ్చిబౌలి పోయే దారిలో 'దర్గా' అని బస్సు దిగేవాళ్లలో చాలామందికి, టాంక్‌బండ్ కట్టించిన మనిషి ఇక్కడే ఆరామ్ చేస్తున్నాడని తెలియదు.

ఇక కెమెరా సంగతి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దర్బారు ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్. నిజాం ఆయనకి 'ముసవ్విర్ జంగ్' అనే ఖితాబ్ ఇచ్చాడు. 1892లో ఆయన జనానా కోసం ప్రత్యేకంగా ఒక స్టూడియో తెరిచాడు. దాన్ని నడిపింది ఒక ఇంగ్లీషు మహిళ. పర్దా పాటించే బేగములు బేఫికర్‌గా తస్వీర్ దిగే ఇంతజామ్ అది. తస్వీర్ మీద ఉలమాలో ఇఖ్తిలాఫ్ ఉంది, ఆ బహస్ ఇక్కడ వద్దు. కానీ మన ఆడవాళ్లు కెమెరాకి దూరంగానే ఉండిపోయారనే మాట పూర్తి నిజం కాదని ఈ స్టూడియో గవాహీ ఇస్తుంది.

1908 సెప్టెంబర్ 28న మూసీ తుగ్యానీ షహర్‌ని ముంచేసింది. మళ్లీ ఆ ముసీబత్ రాకూడదని విశ్వేశ్వరయ్య సలహా మీద రెండు పెద్ద జలాశయాలు కట్టారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్. వరద ఆపడానికి, దాహం తీర్చడానికి కట్టిన కట్టలే మన ఖాందాన్లకి బీచ్ అయ్యాయి. గండిపేట అంటే టిఫిన్ డబ్బాలో ఖీమా, థర్మాస్‌లో చాయ్, కట్ట మీద పిల్లల పరుగులు. టికెట్ లేని తఫ్రీహ్. 1946లో టాంక్‌బండ్ రోడ్డు వెడల్పు చేశాక సాయంత్రం హవాఖోరీకి జాగా కూడా పెరిగింది.

అసలు సముద్రం మాత్రం మన బుజుర్గులు చాలామందికి హజ్ సఫర్‌లోనే కనిపించింది. రైల్లో బొంబాయి, ముసాఫిర్‌ఖానాలో కొన్ని రోజులు, ఆ తర్వాత జిద్దా ఓడ. మా నానీమా కూడా అలాగే చూసింది. "సముందర్ ఎలా ఉంటుంది నానీమా?" అని అడిగితే, "బేటా, అవతలి గట్టు కనబడదు. దువా చేస్తే ఎలా ఉంటుందో అలా" అనేది. 1995తో బొంబాయి హజ్ ఓడలు ఆగిపోయాయి. విమానం కిటికీలోంచి ఆ సముద్రం పరిచయం కాదు.

ఇప్పుడు దుర్గం చెరువు వంతు. గోల్కొండ ఖిలాకి తాగునీరు ఇచ్చిన చెరువు ఇది. రాళ్ల గుట్టల మధ్య దాక్కుని ఉండేది కాబట్టి 'సీక్రెట్ లేక్' అన్నారు. 1998లో సైబర్ టవర్స్ వచ్చింది, 2020లో కేబుల్ బ్రిడ్జి వచ్చింది. సాయంత్రమైతే బ్రిడ్జి మీద హిజాబ్ కట్టుకున్న సాఫ్ట్‌వేర్ అమ్మాయిలు, కర్నూలు నుంచి వచ్చిన అమ్మీ అబ్బాలు, పిల్లలు, అందరి చేతుల్లో ఫోన్లు. షౌఖ్ అదే. ఫోటోలో వెనక కనిపించే గుట్టలు మాత్రం గాజు బిల్డింగులయ్యాయి.

పాత తస్వీర్ల విలువ నాకు ఇక్కడే అర్థమవుతుంది. మనం అందులో చాచా మొహం చూస్తాం, ఫూఫీ దుపట్టా చూస్తాం. ఒకసారి వెనక నీళ్లు కూడా చూడండి. నీళ్లు ఎక్కడి దాకా ఉన్నాయి? ఏ రాయిని తాకుతున్నాయి? ఒడ్డున గోడ ఉందా, గేటు ఉందా? గండిపేట, హిమాయత్ సాగర్‌ల చుట్టూ కట్టడాలను అడ్డుకోవడానికి 1996లో 111 జీవో వచ్చింది. 2022లో సర్కార్ ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో ఇచ్చింది. చెరువు హద్దు ఎక్కడ అనే ఝగడా ఇప్పుడు కోర్టుల్లో, నక్షాల మీద నడుస్తోంది. నక్షా గీసేవాడికి ఒక మర్జీ ఉండొచ్చు. ఈద్ మర్నాడు పిక్నిక్‌లో తీసిన ఫోటోకి ఏ మర్జీ లేదు. అది చూసిందే చెప్తుంది.

అందుకే ఒక గుజారిష్. సందూకులో ఉన్న ఫోటోలు బయటికి తీయండి. ఇంట్లో పెద్దవాళ్లు సలామత్‌గా ఉండగానే వాళ్ల పక్కన కూర్చుని అడగండి. ఎవరు, ఏ చెరువు, ఏ సాలు. అట్ట వెనక పెన్సిల్‌తో మెల్లగా రాయండి. ఉర్దూలో రాస్తే కింద తెలుగులో కూడా రాయండి, మన పిల్లలు చదవగలిగేది అదే.