నూనె ఎంతవరకు దిగుతుంది?

మా చిన్నప్పుడు శనివారం తలంటంటే పెద్ద హడావుడి. అమ్మ నువ్వులనూనె గిన్నెను వేణ్ణీళ్ళలో పెట్టి, గోరువెచ్చన కాగానే మాడు మీద చరిచేది. ఒంటికి రుద్ది, అరగంట కదలనిచ్చేది కాదు. "నూనె ఎముకల్లోకి దిగాలే!" అనేది. నిజంగా దిగుతుందా అని అడిగితే వీపు మీద ఒకటి పడేది.

అభ్యంగనాన్ని చరక సంహిత కూడా మెచ్చుకుంది. నూనె పట్టిన కుండ, తోలు, బండి ఇరుసు ఎలా గట్టిపడతాయో ఒళ్ళూ అలాగేనని అందులో పోలిక. అయితే లోపలికి దారి ఉందా లేదా అన్నదానికి ఇంకో చోట సాక్ష్యం దొరికింది, అదీ మందుగుండు కర్మాగారాల్లో!

ఇటలీలో సొబ్రెరో అనే ఆయన 1847లో నైట్రోగ్లిజరిన్ తయారుచేశాడు. తర్వాత డైనమైటు కర్మాగారాల్లో దాన్ని ముట్టుకునే కూలీలకు విపరీతమైన తలనొప్పి. నాలుగు రోజులకు అలవాటుపడేవారు. ఆదివారం సెలవు గడిచి సోమవారం పనిలోకి రాగానే మళ్ళీ తల పగిలిపోయేది. ఊపిరితో పాటు చర్మం గుండా కూడా ఆ పదార్థం రక్తంలో కలిసేదన్నమాట. అదే పదార్థం గుండెనొప్పికి మందయింది. అమెరికాలో 1981 నాటికి ఒంటికి అంటించుకునే బిళ్ళగానూ వచ్చింది. ప్రయాణంలో వాంతులకు 1979లోనే అలాంటి బిళ్ళ ఒకటి వచ్చింది. దాన్ని చెవి వెనకే అంటించాలి, అక్కడ చర్మం పల్చన కదండీ.

మన చర్మం పైపొర చాలా చోట్ల మిల్లీమీటరులో నూరోవంతు, యాభయ్యోవంతు మందమే. చచ్చిన కణాలు ఇటుకల్లా, వాటి మధ్య కొవ్వు సున్నంలా ఉంటాయి. వేడి, తడి తగిలితే, గాలాడకుండా కప్పితే ఆ గోడ వదులవుతుంది. సున్నిపిండితో నలుగు పెడితే పైన పేరుకున్నది ఊడుతుంది. అలా చూస్తే అమ్మ చేసినవన్నీ దారి తీసే పనులే! నూనె మాత్రం ఎముకలదాకా పోదు, చాలావరకు ఆ పైపొరల్లోనే ఆగిపోతుంది. జుట్టు సంగతి వేరు. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి చేరి ప్రొటీన్ పోకుండా కాస్తుందనీ, పొద్దుతిరుగుడు నూనెకు ఆ గుణం లేదనీ 2003లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది.

కానీ తెరిచిన తలుపులోంచి చుట్టమే వస్తాడని ఏముంది? 1972లో ఫ్రాన్సులో ఒక పిల్లల పౌడరులో క్రిములను చంపే హెక్సాక్లోరోఫీన్ పొరపాటున 6 శాతానికి మించి కలిసింది. లంగోటీల కింద, తడిలో, ఒరిసిన లేతచర్మం మీద తల్లులు ప్రేమగా చల్లిన పౌడరది. 36 మంది పసివాళ్ళు పోయారు.

ఇదంతా నేను చదివింది మా అక్క మనవడి పుణ్యమా అని. వాడికి తొడల మధ్య ఒరిస్తే, ఇంట్లో పెద్దవాళ్ళు వాడి మిగిల్చిన ట్యూబు మందు దట్టంగా రాసి, పైన ప్లాస్టిక్ లంగోటీ బిగించింది ఇంకెవరో కాదు, నేనే. డాక్టరమ్మ ట్యూబు మీద పేరు చదివి, "ఎన్నాళ్ళనుంచి రాస్తున్నారు?" అంది. రెండు రోజులన్నాను. "పైన ఏం కట్టారు?" అని రెండో ప్రశ్న. చెప్పాను. ఆవిడ మాట్లాడకుండా ట్యూబు సొరుగులో పడేసి, పిల్లాడికి గాలి తగలనివ్వమంది.