అవ్వ పొదుపు పుస్తకం

మొన్న ఆదివారం డల్లాస్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. సెలవుల్లో రెండు వారాలు కెన్యా వెళ్తోందట. అక్కడ చిన్న వ్యాపారాలు చేసుకునే ఆడవాళ్ళకు లెక్కలు నేర్పి, చిన్న అప్పులు ఇప్పించే స్వచ్ఛంద సంస్థతో పనిచేస్తుందట. "అమ్మా, అవ్వ వాళ్ళ సంఘం ఎట్లా నడిచేదో చెప్పవా?" అనింది. దానికి చెప్పిందే మీకూ రాస్తున్నాను.

చిన్న అప్పు అనగానే అందరికీ బంగ్లాదేశ్ యూనస్ గారే గుర్తొస్తారు. 1976లో జోబ్రా అనే ఊళ్ళో 42 మందికి కలిపి 27 డాలర్లు తన చేతి డబ్బిచ్చి మొదలుపెట్టారు. 1983లో అది గ్రామీణ బ్యాంకు అయింది. మన దారి కొంచెం వేరు. ఇక్కడ ముందు పొదుపు, ఆ తర్వాతే అప్పు. 1982లో కేంద్రం డ్వాక్రా తెచ్చింది. 1992లో పక్కనే ఉన్న నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆగింది. సారాకు పోయే డబ్బులో రోజుకో రూపాయి దాచుకుందామన్న మాట మా వైపుకూ వచ్చింది.

1996లో చంద్రగిరి దగ్గర మా అత్తమ్మ ఊళ్ళో 15 మంది కలిశారు. మనిషికి నెలకు 30 రూపాయలు, మొత్తం 450. అప్పు ఎవరికివ్వాలో ఎంత మాట్లాడుకునేవాళ్ళో, ఎప్పుడు కట్టాలో కూడా అంతే మాట్లాడుకునేవాళ్ళు. ఆవు కొన్నామెకు పదిహేను రోజులకోసారి పాల బిల్లు వస్తుంది, అప్పుడు కట్టాలి. వేరుశనగ వేసినామె కాయలు అమ్మినాక కట్టాలి. అంతా పుస్తకంలో రాసుకునేవాళ్ళు.

2000లో వెలుగు వచ్చింది. అందులో ఆరితేరిన మన ఆడవాళ్ళు తర్వాత బీహారు లాంటి రాష్ట్రాలకు పోయి, అక్కడి ఊళ్ళలో ఉండి సంఘాలు నడపడం నేర్పించారు. "నువ్వే మొదటిదానివి కాదులే" అన్నాను మా అమ్మాయితో.

ఆ తర్వాతది చెప్పడానికే కష్టమైంది. అప్పటికి మేం తిరుపతికి వచ్చేశాం. వారం వారం వసూలు చేసే అప్పుల కంపెనీలు వీధుల్లోకి వచ్చాయి. మా పక్కింట్లో బట్టలు కుట్టే అక్కకు మొదటి అప్పు తీసుకోమని చెప్పింది నేనే. కుట్టుపని పండగలకూ పెళ్ళిళ్ళకూ ఉంటుంది, ఆషాఢంలో ఉండదు. కంతు మాత్రం ప్రతి మంగళవారం కట్టాల్సిందే. ఒకటి తీర్చడానికి ఇంకోటి, అట్లా మూడు అప్పులు. ఒక మంగళవారం మా పెరట్లో వచ్చి కూర్చుంది, చెవుల కమ్మలు లేవు. నాకు మాట రాలేదు.

2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, వారం కంతులు తీసేసి నెలకోసారి చేసింది. అక్క కమ్మలు మాత్రం తిరిగి రాలేదు.

"లెక్కలు నేర్పేముందు, వాళ్ళ చేతికి డబ్బు ఎప్పుడొస్తుందో అడుగు తల్లీ. కూరగాయలమ్మే ఆమెకు రోజూ వస్తుంది, పంట వేసే ఆమెకు ఏడాదికోసారి వస్తుంది. ఇద్దరికీ ఒకే కంతు పెట్టనీయొద్దు" అన్నాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అవ్వ పుస్తకం ఉందా? ఫోటో తీసి పంపు" అనింది. బీరువా పైన ఇనప్పెట్టెలో దొరికింది. మొదటి పేజీల్లో అత్తమ్మ వేలిముద్ర, చివరి పేజీల్లో వంకర టింకర సంతకం. రెండూ పంపాను.