అడిక్‌మెట్టు జాగీరు

హైదరాబాదులోని ముషీరాబాదునకు తూర్పుగా తార్నాక దనుక పరచుకొనియున్న ఉస్మానియా విశ్వవిద్యాలయ భూములు ఒకప్పుడు అడిక్‌మెట్టు జాగీరులోనివి. ఆ జాగీరునకు అధిపతి తాతతండ్రుల సనదు చేతబట్టిన నవాబు కాదు. గజళ్లు రచించి, ఆడి పాడి, నిజాం అలీఖాను కొలువులో ఉమరాలతో సమానమైన మన్ననలందిన మహ్‌లఖా బాయి చందా.

పోలికకు ఐర్లండు దేశమును తీసికొన్నచో, అచ్చట ఒకప్పుడు భూస్వామికుటుంబ మనగా తండ్రినుండి జ్యేష్ఠపుత్రునకు సంక్రమించు భవనము, పొలము, బిరుదు. చందా కుటుంబమో స్త్రీల కుటుంబము. దారిద్ర్యమునుండి వచ్చిన తల్లి రాజ్‌కువరు 1768లో ఆమెను గన్నది. అక్క మెహతాబు ప్రధాని రుక్నుద్దౌలాను వరింపగా, ఆ యింటనే యీ బాలిక పెరిగి, సంగీతసాహిత్యములతోపాటు గుఱ్ఱపుస్వారియు, విలువిద్యయు నేర్చి, నిజాము వెంట దండయాత్రలకును పోయినది. 'ముషీరుల్‌ముల్కు' అను బిరుదమువలన ముషీరాబాదునకు పేరు కలిగించిన ప్రధాని అరస్తూజా ఆమె యభిమానులలో నొకడు. 1799లో బ్రిటిషు అధికారి కెప్టెన్ మాల్కమునకు ఆమె కానుకచేసిన స్వీయకవితల ప్రతి నేటికిని లండనులో భద్రముగా నున్నది. మన చరిత్రకారులు ప్రధానుల యెత్తుగడలకు పుటలు వెచ్చించి, ఈమెకు మాత్రము 'నర్తకి' యను నొక్కమాట విదిలించుట నాకు సబబుగా తోచదు.

జాగీరుదారునకు నేలపై హక్కు లేకుండెను, శిస్తుపైననే హక్కుండెను; అతడు మరణింపగా జాగీరు ప్రభువునకు చేరెడిది, వారసుడు నజరానా చెల్లించి క్రొత్త సనదు పొందవలసియుండెడిది. కావుననే కాబోలు, చందా తన ధనమును కోటలపై గాక, మౌలాలి కొండ పాదమున తల్లి సమాధిచుట్టు తోటపైనను, తాను పెంచి నాట్యము నేర్పించిన బాలికలపైనను వెచ్చించినది. 1824లో తానును తల్లి ప్రక్కనే సమాధియైనది.

1918లో నెలకొని, తొలుత గన్‌ఫౌండ్రీ ప్రాంతమున నడచిన విశ్వవిద్యాలయమునకు, నగరప్రణాళికా నిపుణుడు పాట్రిక్ గెడ్డెసు సలహాపై, అడిక్‌మెట్టు నేల యెన్నికయైనది. 1934లో శంకుస్థాపన జరిగి, బెల్జియము స్థపతి జాస్పరు రూపకల్పనచేసిన ఆర్ట్సు కళాశాల 1939 డిసెంబరు 4న ప్రారంభమయ్యెను.

మరల ఐర్లండు పోలికకే వచ్చినచో, అచ్చటి కౌలుదారులు 1903 భూచట్టముక్రింద ప్రభుత్వ ఋణముతో భూస్వాముల పొలములు కొని, దశాబ్దములపాటు వాయిదాలు కట్టుకొనిరి. హైదరాబాదు జాగీర్లో, 1949లో నొక్క శాసనముతో రద్దయినవి. అప్పటికి అడిక్‌మెట్టులో కళాశాల తెరచి పదియేండ్లు కావచ్చినది.