మూడేళ్ల మాట

పగలంతా పనిచేసిన మనిషి ఉత్సాహంకొద్దీ నాలుగు రాత్రులు తరగతికి రావడం వింత కాదు. ఏళ్ల తరబడి మానకుండా రావడమే కష్టం. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండు ఈ తేడాను అనుభవం మీద తెలుసుకుంది.

1873లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం, జేమ్స్ స్టూవర్ట్ చొరవతో, తన అధ్యాపకులను పారిశ్రామిక పట్టణాలకు పంపి ఉపన్యాసాలు ఇప్పించడం మొదలుపెట్టింది. సభలు నిండాయి. అయితే వచ్చినవాళ్లు కట్టే రుసుములతోనే ఖర్చులు గడవాలి. అందుకని పెద్ద హాళ్లు, పదిమందినీ ఆకర్షించే అంశాలు తప్పనిసరి అయ్యాయి. క్రమంగా చాలాచోట్ల శ్రోతల్లో మధ్యతరగతివాళ్లే ఎక్కువయ్యారు. నార్తంబర్లండ్ గని కార్మికులు ఈ ఉపన్యాసాలను ఎంతగానో ఆదరించారు గానీ, 1887 సమ్మెతో వాళ్ల చేతిలో డబ్బు ఆడక అక్కడి ఏర్పాటు కుప్పకూలింది.

ఈ లోపాన్ని సరిగ్గా పట్టుకున్నవాడు ఆల్బర్ట్ మాన్స్‌బ్రిడ్జ్. వడ్రంగి కొడుకు, పద్నాలుగేళ్లకే బడి మానేసిన గుమాస్తా. 1903లో భార్య ఫ్రాన్సిస్ ఇంటి ఖర్చుల్లోంచి తీసి ఇచ్చిన రెండున్నర షిల్లింగులే మూలధనంగా ఒక సంఘం పెట్టాడు. రెండేళ్లకు దానికి ‘వర్కర్స్ ఎడ్యుకేషనల్ అసోసియేషన్’ అని పేరు స్థిరపడింది.

సహకారోద్యమానికి పుట్టిల్లయిన రోచ్‌డేల్ కార్మికులు తమకు ఉపన్యాసాలు చాలవనీ, లోతైన చదువు కావాలనీ అడిగారు. అది వాళ్లకు కొత్త కోరిక కాదు. చాలా ఏళ్ల కిందట స్టూవర్ట్ ఆ ఊళ్లోనే ఉపన్యసించి, తన చిత్రపటాలను గోడకే ఉంచి వెళ్లాడు. తర్వాతి వారం వచ్చేసరికి సభ్యులు వాటి గురించి చర్చించుకున్నారని తెలిసింది. ఉపన్యాసంతో పాటు చర్చ కూడా పెట్టాలని ఆయనకు తోచింది అక్కడే. ఇప్పుడు మాన్స్‌బ్రిడ్జ్ ఆ ఊరివాళ్ల ముందు ఒక షరతు పెట్టాడు: ముప్పై మంది ఏళ్లపాటు క్రమం తప్పకుండా వస్తామనీ, వ్యాసాలు రాస్తామనీ మాటిస్తే దేశంలోకెల్లా మంచి అధ్యాపకుణ్ని తెస్తాను. తర్వాత ఈ ఒప్పందం మూడేళ్లకు ఖాయమైంది.

అలా వచ్చినవాడు ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన ఇరవై ఏడేళ్ల ఆర్. హెచ్. టానీ. 1908 జనవరిలో శుక్రవారం సాయంత్రం కుమ్మరి పరిశ్రమల పట్టణమైన లాంగ్టన్‌లోనూ, మర్నాడు రోచ్‌డేల్‌లోనూ ఆర్థిక చరిత్ర చెప్పడం ప్రారంభించాడు. గంట పాఠం, గంట చర్చ. పదిహేను రోజులకొక వ్యాసం. పరీక్ష లేదు, పట్టా లేదు. ఏ విషయం చదవాలో విద్యార్థులే నిర్ణయించుకున్నారు, కార్యదర్శి కూడా వాళ్లలో ఒకడే. పుస్తకాలు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి పెట్టెల్లో వచ్చేవి.

వయోజనులు నిలవాలంటే చదువును తేలిక చెయ్యాలనే అభిప్రాయం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఈ తరగతులు దాన్ని తలకిందులు చేశాయి. ఎక్కువ అడిగారు, బదులుగా ఎక్కువ అధికారం ఇచ్చారు. కుండల బట్టీ దగ్గర బతుకంతా గడిపినవాడు కర్మాగారాల చరిత్ర గురించి ఎదురు ప్రశ్న వేస్తే ఆక్స్‌ఫర్డ్‌లో చదివినవాడు ఆగి వినవలసి వచ్చింది. టానీ 1912లో ప్రచురించిన పదహారో శతాబ్దపు వ్యవసాయ సమస్య గ్రంథం పీఠికలో ఈ నేతగాళ్లకు, కుమ్మరులకు, గని కార్మికులకు తన రుణాన్ని చెప్పుకున్నాడు. లాంగ్టన్ విద్యార్థులు ఇంకో అడుగు వేసి, 1911 నుంచి చుట్టుపక్కల గని పల్లెలకు వెళ్లి తామే తరగతులు నడిపారు. నేర్చుకున్నవాడికి నేర్పే బాధ్యత అప్పగించడాన్ని మించిన కట్టుబాటు లేదని నా నమ్మకం.

విమర్శలూ వచ్చాయి. 1909లో ఆక్స్‌ఫర్డ్‌లో కార్మికుల కోసం నడిచే రస్కిన్ కళాశాల విద్యార్థులు సమ్మె చేశారు. విశ్వవిద్యాలయాల చదువు కార్మికుడి వర్గ చైతన్యాన్ని మొద్దుబారుస్తుందని వాళ్లతో ఏకీభవించినవారి వాదం. ఆ శంకను తేలిగ్గా కొట్టిపారెయ్యలేం.

మాటిచ్చినవాళ్లందరూ చివరిదాకా నిలవలేదు. ఓవర్‌టైమ్, షిఫ్టుల మార్పు, పని పోయి ఊరు విడవడం వాళ్లను తరగతికి దూరం చేశాయి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ప్రభుత్వం నియమించిన వయోజన విద్యా సంఘంలో టానీ, మాన్స్‌బ్రిడ్జ్ ఇద్దరూ సభ్యులే. 1918లో ఆ సంఘం ఇచ్చిన మధ్యంతర నివేదిక పాఠ్యాంశాల జోలికి పోలేదు. పని గంటలు తగ్గించాలని కోరింది. మన రాత్రి బడులు, వృత్తి శిక్షణా కేంద్రాలు నడిపేవారు హాజరు పట్టీలో ఖాళీలు కనబడినప్పుడు, విద్యార్థి శ్రద్ధను శంకించే ముందు ఆ మనిషి పని గంటలెన్నో అడిగి తెలుసుకోవాలి.