బట్టల మీద పేరు

జూన్ నెలలో మా హాలు చూస్తే ఎవరైనా బట్టల కొట్టనుకునేవారు. మా అమ్మాయికి పదమూడేళ్లు. మొదటిసారి మమ్మల్ని వదిలి మూడు వారాల సమ్మర్ క్యాంపుకి వెళ్తోంది. మేముండే న్యూజెర్సీ నుంచి పెన్సిల్వేనియాలోని పోకనో కొండలకి కారులో రెండు గంటలు. దూరం పెద్దదేం కాదు గానీ, అక్కడ ఫోను ఉండనివ్వరు, మధ్యలో వెళ్లి చూడనివ్వరు. ఉత్తరాలే.

క్యాంపు వాళ్లు పంపిన జాబితా రెండు పేజీలు. నిక్కర్లు పది, టీషర్టులు పన్నెండు, లోదుస్తులు పద్నాలుగు, ఈతబట్టలు మూడు, తువ్వాళ్లు నాలుగు, మురికి బట్టల సంచులు రెండు. చిట్టచివర లావు అక్షరాల్లో ఒక మాట: ప్రతి బట్ట మీదా పేరు ఉండాలి, పేరు లేనిది పోతే మా పూచీ లేదు. సాక్సుల మీద కూడా!

మావారు బట్టల మీద రాసే నల్ల పెన్ను ఒకటి తెచ్చి పడేసి, "గీకేస్తే పోలా" అన్నారు. నేను సూదీ దారం తీసుకుని, పేరు అచ్చు వేయించిన చిన్న పట్టీలు కుడుతూ కూర్చున్నాను. మా అమ్మాయి మూతి ముడుచుకుంది. "అందరూ చూస్తారమ్మా. నేనేమన్నా కిండర్‌గార్టెన్ పిల్లనా?" అంది. చివరికి మెడ లోపలివైపు, నడుము లోపలివైపు, పైకి కనబడకుండా కుట్టేట్టు ఒప్పందం కుదిరింది. సాక్సులకి పెన్నే.

అరవయ్యో డెబ్భయ్యో కుట్టాక, మా ఊళ్లో మా ఇంటి బట్టల మీద ఉండే గుర్తు జ్ఞాపకం వచ్చింది. మూడు చుక్కలు, పక్కన ఒక గీత. నాన్న పంచె అంచున, అమ్మ చీర కొంగు మూల, నా పరికిణీ మీదా అదే. అది మేం పెట్టుకున్నది కాదు, మా చాకలామె పెట్టింది.

ఈ గుర్తుల కథ చాలా పాతది. మన అడవుల్లో నల్లజీడి చెట్టు ఉంటుంది. దాని గింజ పెంకులో చిక్కటి రసం ఉంటుంది. సూదితోనో పుల్లతోనో గింజను పొడిచి, ఆ రసంతో బట్ట మీద గుర్తు పెట్టి, పైన కాస్త సున్నం రాస్తే నల్లగా పట్టేస్తుంది. తర్వాత చౌడు మట్టి పెట్టి ఉడకేసినా, రేవులో బండకేసి బాదినా బట్ట చిరగాల్సిందే గానీ గుర్తు పోదు. దేశమంతటా చాకళ్లు వాడినది ఇదే. ఇంగ్లీషువాళ్లు దీనికి పెట్టిన పేరే 'గుర్తుల గింజ' అని అర్థమొచ్చేది. వృక్షశాస్త్రంలో దాని పేరు సెమెకార్పస్. అందులోనూ గ్రీకు మాటల్లో గుర్తు, కాయ అనే అర్థాలే ఉన్నాయి. అంటే చాకలి చేతిలోని పనిని బట్టే ఆ చెట్టుకు శాస్త్రం పేరు వచ్చిందన్నమాట.

నేను తెలుగు బీఏ చదివాను. వ్యాకరణం చదివాను, ఛందస్సు చదివాను. కానీ ఊళ్లో ఇన్ని ఇళ్లకి ఇన్ని గుర్తులు, ఒక చుక్క తేడాతో ఎవరివి ఎవరివో చెప్పే ఆ పద్ధతి కూడా ఒక రాతే అని ఇక్కడ కూర్చుని సాక్సుల మీద పేరు రాస్తున్నప్పుడు గానీ తట్టలేదు. అక్షరం రాని మనిషి కనిపెట్టిన రాత అది. ఎన్ని వేశామో పంచాంగం వెనకాల అమ్మ పెన్సిలుతో రాసుకునేది, చాకలి పద్దు. తెచ్చినప్పుడు ఆమె నోటిలెక్క చెప్పేది. లెక్క తప్పిందంటే చాలాసార్లు అమ్మ రాతలోనే తప్పుండేది.

ఈ నల్లజీడికి ఇంకో కథ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు ఇండియాకి వచ్చారు. వాళ్లలో కొందరికి మెడ వెనకా నడుము దగ్గరా ఎర్రగా పొక్కి దురదలు మొదలయ్యాయి. వాళ్ల డాక్టర్లు ఆరా తీస్తే తేలిందేమిటంటే, సరిగ్గా చొక్కా మీద చాకలి గుర్తు ఒంటికి తగిలే చోటే ఆ దద్దుర్లు. నల్లజీడి రసం పడని ఒంటికి అది నిప్పులాంటిది. మరి రోజూ ఆ గింజలు చేత్తో పట్టి పొడిచినవాళ్ల వేళ్లు ఎలా ఉండేవో!

ఆ దురద అమెరికా వాళ్లకి కొత్తేం కాదు. ఇక్కడి అడవుల్లో పాయిజన్ ఐవీ అని మూడేసి ఆకుల తీగ ఉంటుంది. తగిలితే అవే పొక్కులు. నల్లజీడి, జీడిమామిడి, మామిడి, ఈ తీగ అన్నీ ఒకే కుటుంబం. మామిడి సొన మూతికి అంటితే పుండు పడుతుంది కదా, అదీ ఆ చుట్టరికమే. తీగ జిడ్డు బట్టలకి అంటుకుంటే చాలాకాలం పోదు, ఆ బట్ట ముట్టుకున్నవాళ్లకీ పొక్కుతుంది. అందుకే క్యాంపు కాగితంలో, ఆ తీగ తగిలిన బట్టలు మామూలు సంచిలో వేయొద్దు, విడిగా ఇవ్వండి అని ఉంది. రెండో సంచి ఎందుకో నాకప్పుడు అర్థమైంది.

నేను కుడుతున్న పేరు పట్టీలకీ ఒక చరిత్ర ఉంది. ఇంగ్లండులో కావెంట్రీ అనే ఊరు పట్టు రిబ్బన్ల నేతకి పేరు పడ్డది. అక్కడ జాన్, జోసెఫ్ అనే క్యాష్ సోదరులు 1846లో వ్యాపారం మొదలుపెట్టారు. 1860లో ఫ్రాన్సుతో జరిగిన వాణిజ్య ఒప్పందంతో ఫ్రెంచి రిబ్బన్లు సుంకం లేకుండా వచ్చిపడ్డాయి. ఊళ్లో మగ్గాలు మూలపడ్డాయి, నేతగాళ్లు వలస పోయారు. మన చేనేతకు మాంచెస్టరు బట్ట చేసిన పనే వాళ్లకి ఫ్రెంచి రిబ్బను చేసింది. క్యాష్ వాళ్లు మాత్రం సన్నని పట్టీల మీద పేర్లు నేసి అమ్మడం మొదలుపెట్టి నిలదొక్కుకున్నారు. హాస్టలు బడికి వెళ్లే ప్రతి పిల్లాడి చొక్కాకీ తల్లి ఆ పట్టీ కుట్టాల్సిందే. తర్వాత ఆ అలవాటు అమెరికాకి, ఇక్కడి క్యాంపులకీ వచ్చింది.

అసలు పిల్లల్ని వేసవిలో ఇల్లు వదిలి పంపడం అనే ఆలోచనకే నూట అరవై ఏళ్లు దాటాయి. 1861లో కనెక్టికట్‌లో ఫ్రెడరిక్ గన్ అనే హెడ్మాస్టరూ ఆయన భార్య అబిగెయిలూ తమ బడి పిల్లల్ని సముద్రం ఒడ్డుకి నడిపించుకెళ్లి రెండు వారాలు గుడారాల్లో ఉంచారు. అంతర్యుద్ధం మొదలైన ఏడాది అది. మగపిల్లలందరికీ సిపాయిల్లా బతకాలని సరదా. అమెరికాలో మొదటి క్యాంపుగా దాన్నే చెప్పుకుంటారు.

నాకు నచ్చింది దాని తర్వాతది. 1881లో ఎర్నెస్ట్ బాల్చ్ అనే కాలేజీ కుర్రాడు న్యూ హాంప్‌షైర్‌లో ఒక సరస్సు లంకలో చొకోరువా అనే క్యాంపు పెట్టాడు. డబ్బున్న ఇళ్ల పిల్లలు వేసవంతా హోటళ్లలో కూర్చుని నౌకర్ల చేత అన్నీ చేయించుకుని పాడైపోతున్నారని అతని బాధ. అందుకని క్యాంపులో నౌకర్లు ఉండరని నియమం పెట్టాడు. వంట, గిన్నెలు, శుభ్రం అన్నీ పిల్లలే చేసుకోవాలి. ఎనిమిది తొమ్మిదేళ్లే నడిచింది గానీ, ఆ మాట మాత్రం క్యాంపులన్నిటికీ అంటుకుపోయింది.

ఆడపిల్లల వంతు ఆలస్యంగా వచ్చింది. 1907లో గ్యూలిక్ దంపతులు మెయిన్ రాష్ట్రంలో సెబాగో సరస్సు ఒడ్డున వోహీలో అనే క్యాంపు మొదలుపెట్టారు. పని, ఆరోగ్యం, ప్రేమ అనే మూడు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపి పెట్టిన పేరది. అప్పటి అమ్మాయిల ఫొటోలు చూస్తే అందరికీ మోకాళ్ల దాకా వదులు బ్లూమర్లు, పైన నావికుల చొక్కాలాంటి మిడ్డీ. ఇంటి దగ్గర బిగుతు నడుములూ పొడుగు గౌన్లూ మోసిన పిల్లలు అక్కడ చెట్లెక్కారు, పడవలు తోశారు. ముతక నూలు కాబట్టి ఆ మిడ్డీలు ఎంత ఉతికినా తట్టుకునేవి. బట్ట మారితే కాళ్లూ చేతులూ ఎంత దూరం వెళ్తాయో మనకి చెప్పాలా? ఓణీలోంచి పంజాబీ డ్రెస్సులోకి మారిన రోజు మనలో ఎవరం మర్చిపోయాం?

ఉతుకు సంగతికి వస్తే, 1913 జనవరి 1న అమెరికా పోస్టాఫీసు పార్సిళ్లు మొదలుపెట్టింది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు కాలేజీ హాస్టలు పిల్లలు చాలామంది చేసిన పనేమిటో తెలుసా? మురికి బట్టలు ఇంటికి పోస్టులో పంపడం! దానికోసమే గట్టి అట్టతోనో కాన్వాసుతోనో చేసిన పెట్టెలు అమ్మేవారు. చిరునామా కార్డు తిరగేస్తే చాలు, ఆ పెట్టే వెనక్కి వచ్చేది. తల్లి ఉతికి ఇస్త్రీ చేసి, మడతల మధ్య బిస్కెట్లో కేకులో పెట్టి పంపేది. చదివి నవ్వుకున్నాను గానీ, విజయవాడ హాస్టల్లో ఉన్నప్పుడు నెలకోసారి మురికి దుప్పట్లు సంచిలో కుక్కుకుని బస్సెక్కి ఇంటికెళ్లి, జంతికల డబ్బాతో తిరిగొచ్చిన నాకు వాళ్లని నవ్వే హక్కు ఉందంటారా?

ఇప్పటి క్యాంపులో మంగళవారం ఉతుకు రోజు. సంచి మీద పేరు, లోపల లెక్క కాగితం. వ్యాను వచ్చి తీసుకెళ్తుంది, గురువారం మడతపెట్టి తెస్తారు. ఎవరు ఉతుకుతారో పిల్లలకి తెలియదు.

రెండో వారంలో మా అమ్మాయి ఉత్తరం వచ్చింది. ఈత, పడవలు, దోమలు, తిండి బాలేదు, అన్నీ రాసి చివర్న రెండు పేరాలు చిన్న అక్షరాల్లో రాసింది. సోమవారం రాత్రి దానికి నెలసరి వచ్చింది, దుప్పటీ నిక్కరూ పాడయ్యాయి. తెల్లారితే ఉతుకు సంచి వెళ్లిపోతుంది. "వాటి మీద నా పేరుందమ్మా. ముక్కూ మొహం తెలియనివాళ్లు చూసి ఇది ఫలానా పిల్లదని చదువుతారు. వేయలేకపోయాను" అని రాసింది. తెల్లవారుజామున లేచి, నేను ఎప్పుడో చెప్పిన ప్రకారం చన్నీళ్లలో నానబెట్టి ఉతికిందట. పక్క మంచం పిల్ల తలుపు దగ్గర కాపలా ఉందట. ఇద్దరూ కలిసి పిండి, ఈతబట్టల పక్కన తీగ మీద ఆరేశారట. "ఎవరూ ఏమీ అనలేదు" అని ముగించింది.

నేను ముచ్చటపడి పూసగుచ్చినట్టు కుట్టిన పేరు దానికి ఆ రాత్రి అంత బరువైంది.

ఆ వయసులో నా బట్టలు నేను ఉతకలేదు. మా ఇంట్లో ఆ నాలుగు రోజుల బట్టలు దొడ్లో ఒక మూల విడిగా పడేసేవాళ్లం. ఇంట్లో వాళ్లు ముట్టుకునేవారు కాదు. చాకలామె కర్రతో కాదు, చేత్తోనే తీసుకుని మూట కట్టుకునేది. పురిటి బట్టలూ అంతే, చావు బట్టలూ అంతే. మా మైల అంతా ఆమె మోసేది, దానికి ప్రతిగా పంట నూర్పిళ్లప్పుడు మేర గింజలు, రాత్రిపూట గిన్నెలో ఇంత అన్నం, పండక్కి పాత చీర. ముట్టుకుంటే మైల అని బట్ట మీద పెట్టిన నియమాన్ని తిప్పి ఆమె మీదే పెట్టాం. తెలంగాణలో అయితే దొరల ఇళ్లకి అదీ లేదు, వెట్టి. ఆ వృత్తిలోంచి వచ్చి, 1940ల్లో పాలకుర్తిలో విసునూరు దేశ్‌ముఖ్‌ని ఎదిరించి తన భూమిని, పంటను దక్కించుకున్న ఐలమ్మ పేరు 2024లో కోఠీ మహిళా విశ్వవిద్యాలయానికి పెట్టారు. అలా పేరు నిలిచింది ఎందరికి?

నాకు బాగా గుర్తున్నది ఒకటుంది. నేను మూల కూర్చున్న ఒక నెల, మూట కట్టుకుంటూ ఆగి, "పాపా, కడుపులో నొప్పిగా ఉందా? కాస్త వాము నమలమ్మా" అంది. ఇంట్లో అంతమంది ఉండి నన్ను ఆ మాట అడిగింది ఆవిడొక్కతే.

మా అమ్మాయి ఇంటికొచ్చింది. సాక్సుల్లో సగం వేరే పిల్లల పేర్లతో ఉన్నాయి. మూడు టీషర్టులు రాలేదు. దుప్పటి మీద ఒక మూల లేత మరక మిగిలింది. నేనేం మాట్లాడకుండా మడత పెట్టాను. రాత్రి పడుకోబోయే ముందు దానికి ఇదంతా చెప్పాను, చుక్కల గుర్తు, నల్లజీడి, దొడ్లో మూల, వాము. అంతా విని ఒక్క ప్రశ్న వేసింది.

"ఆమె పేరేంటమ్మా?"

నాకు తెలియదు. పద్దెనిమిదేళ్లు ఆ ఊళ్లో ఉన్నాను. ఇంట్లో ఎవరి చొక్కా ఏదో, ఎవరికి ఏ నెలలో ఏమైందో ఆమెకి తెలుసు. మేం మాత్రం చాకలామె అనే పిలిచాం. మర్నాడు పొద్దున్నే అమ్మకి ఫోను చేసి అడిగాను. "పేరా? ఏమోనే, ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు" అని కాసేపు ఆగి, "ఊళ్లో ఎవర్నైనా కనుక్కుని చెప్తాలే" అంది.

రెండు వారాలైంది. మా అమ్మాయి రోజు మార్చి రోజు అడుగుతూనే ఉంది.