బిడ్డ బాక్సులో, తల్లి వరండాలో

పురుడు వచ్చిన ఇంటికి ఎవరు ఫోన్ చేసినా మొదట అడిగేది ‘తల్లీబిడ్డా క్షేమమేనా?’ అని. ‘తల్లీబిడ్డలు’ ద్వంద్వ సమాసమనీ, అందులో రెండు పదాల అర్థానికీ సమాన ప్రాధాన్యం ఉంటుందనీ బళ్లో కంఠతా పట్టినవాళ్లమే మనమంతా. కానీ బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా, పుట్టగానే ఊపిరందక ఇబ్బంది పడినా ఆస్పత్రి ఆ సమాసాన్ని వెంటనే విడగొట్టేస్తుంది. బిడ్డకొక వార్డు, తల్లికొక వార్డు. ఆమెకొక కేస్‌షీటు, బిడ్డకొక కేస్‌షీటు. ‘బిడ్డని బాక్సులో పెట్టారు’ అని ఇంట్లోవాళ్లు చెప్పుకుంటారు. ఆ బాక్సు బయట తల్లి ఎక్కడుందో ఆ మాటలో ఉండదు.

నా పేరు ముందున్న ‘డాక్టర్’ సాహిత్యంలో వచ్చింది, వైద్యంలో కాదు. స్త్రీల స్వీయచరిత్రల్లో పురుళ్ల ప్రస్తావనల్ని వెతుకుతూ ఈ చరిత్రలోకి వచ్చాను. తల్లినీ జబ్బు బిడ్డనీ విడదీయడం వైద్యానికి తప్పనిసరి అని చాలాకాలం అందరం నమ్మాం. అది తప్పనిసరి కాదు, ఒక కాలంలో, కొన్ని భయాల వల్ల స్థిరపడిన అలవాటు అని ఈ చరిత్ర చెబుతోంది.

1880 ప్రాంతంలో పారిస్‌లో స్టెఫాన్ టార్నియే అనే ప్రసూతి వైద్యుడు, కోడిగుడ్లు పొదిగించే యంత్రాన్ని చూసి పసిబిడ్డల కోసం అలాంటి వెచ్చటి పెట్టె చేయించాడు. ఆయన శిష్యుడు పియర్ బుదిన్ 1900లో ప్రచురించిన పుస్తకంలో ఒక హెచ్చరిక ఉంది. బిడ్డని చూసుకునే అవకాశం లేకుండా దూరంగా ఉంచితే తల్లికి ఆ బిడ్డ మీద ఆసక్తి తగ్గిపోతుందని ఆయన గమనించాడు. తల్లులు వచ్చి పాలివ్వాలని ప్రోత్సహించాడు. అంటే ఆ పెట్టె తొలిరోజుల్లోనే తల్లిని వెలివేయలేదన్నమాట.

వెలి తర్వాత వచ్చింది. బుదిన్ శిష్యుడినని చెప్పుకున్న మార్టిన్ కూనీ నెలలు నిండని బిడ్డల్ని బెర్లిన్‌లో 1896లో ప్రదర్శనకు పెట్టాడు. అమెరికాలోని కోనీ ఐలాండ్ వినోద ఉద్యానంలో 1903 నుంచి 1943 వరకు ఆ ప్రదర్శన నడిచింది. 25 సెంట్ల టికెట్ కొంటే ఎవరైనా చూడొచ్చు. ఆ డబ్బుతోనే ఆయన ఎందరో బిడ్డల్ని బతికించాడన్నదీ నిజమే. ఇక ఆస్పత్రుల్లో, యాంటీబయాటిక్స్ లేని ఆ కాలంలో, అంటురోగాల భయం రాజ్యమేలింది. ఆ భయానికి ఆధారం ఉంది. కానీ దాన్నుంచి పుట్టిన నియమాల్లో తల్లి కూడా రోగం మోసుకొచ్చే ‘విజిటర్’ అయిపోయింది. ఆమె పాలు లోపలికి వెళ్లేవి, ఆమె మాత్రం అద్దం బయట ఉండేది. భయానికి మందులు వచ్చాక కూడా అద్దం తొలగలేదు.

ఆ అద్దాన్ని 1970ల్లో రెండు వైపుల నుంచి ప్రశ్నించారు. ఒకటి పరిశోధన వైపు నుంచి. అమెరికన్ వైద్యులు మార్షల్ క్లాస్, జాన్ కెనెల్ 1972లో 28 మంది తల్లులతో చేసిన అధ్యయనం, 1976లో ప్రచురించిన తల్లీబిడ్డల అనుబంధం పుస్తకం ఆస్పత్రుల తలుపులు తెరవడానికి ఎంతో తోడ్పడ్డాయి. కానీ పుట్టిన తొలిగంటలు దాటిపోతే అనుబంధమే తెగిపోతుందన్న భయం కూడా వాటితోపాటే వ్యాపించింది. మత్తులో ఉండి, రక్తం పోయి, బిడ్డని ఆ గంటల్లో చూడలేకపోయిన తల్లి నేరస్థురాలైంది. 1990ల్లో డయాన్ ఐయర్ లాంటి స్త్రీవాద విమర్శకులు ఆ శాస్త్రం ఎంత బలహీనమో చూపించారు. ఆ విమర్శ మనకి ఇప్పటికీ అవసరమే. దగ్గరుండటం తల్లి హక్కు అనడం వేరు, దగ్గరుంటేనే తల్లి అనడం వేరు.

రెండోది లేమి వైపు నుంచి. అప్పటి సోవియట్ పాలనలో ఉన్న ఎస్టోనియాలో, టాలిన్ పిల్లల ఆస్పత్రిలో తగినంతమంది నర్సులు లేరు. 1979లో డాక్టర్ అడిక్ లెవిన్ జబ్బు పడిన పసిబిడ్డల తల్లుల్ని వార్డులోనే ఇరవైనాలుగు గంటలూ ఉండనిచ్చాడు. దానికి ఒక ఏడాది ముందు, 1978లో, కొలంబియా రాజధాని బొగోటాలోని ప్రసూతి ఆస్పత్రిలో ఒక్కో ఇంక్యుబేటర్‌లో ఇద్దరు ముగ్గురు బిడ్డలుండేవారు. ఒకరి జబ్బు మరొకరికి అంటుకునేది, కొందరు బిడ్డల్ని అక్కడే వదిలేసి వెళ్లిపోయేవారు. డాక్టర్ ఎడ్గార్ రే బిడ్డల్ని తల్లుల రొమ్ముల మధ్య, ఒంటికి ఒళ్లు తగిలేలా కట్టి ఉంచే పద్ధతి మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది హెక్టర్ మార్టినెజ్ ఆయనకు తోడయ్యాడు. ఈనాడు ‘కంగారూ మదర్ కేర్’ అంటున్నది అదే.

నన్ను ఆలోచనలో పడేసిన విషయం ఇక్కడే ఉంది. టాలిన్‌లో నర్సులు చాలలేదు కాబట్టి, బొగోటాలో పెట్టెలు చాలలేదు కాబట్టి తల్లికి తలుపు తెరుచుకుంది. ఆమె లోపలికి వెళ్లింది మనిషిగానా, ఖాళీలో వేసిన మరో జత చేతులుగానా? వేతనం లేని చాకిరీని ‘మాతృప్రేమ’ పేరుతో పిలవడం మనకి కొత్త కాదు. విడదీయడం ఒక అన్యాయమైతే, కలపడంలోనూ ఆమెని పనిముట్టుగా చూసే ప్రమాదం ఉంది.

ఈ ప్రశ్నకి ఒక జవాబు మన దేశంలోనే, ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రిలో దొరికింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో భారత్, ఘనా, మలావి, నైజీరియా, టాంజానియాల్లోని అయిదు ఆస్పత్రుల్లో 3,211 మంది బిడ్డలతో జరిగిన అధ్యయనం ఫలితాలు 2021లో వెలువడ్డాయి. కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువున్న బిడ్డలు వాళ్లు. పరిస్థితి కుదుటపడేదాకా ఆగకుండా, పుట్టిన వెంటనే తల్లి ఛాతీ మీద ఉంచినవారిలో మొదటి 28 రోజుల్లో నూటికి 12 మంది చనిపోతే, పాత పద్ధతిలో 15.7 మంది చనిపోయారు. తేడా అంత స్పష్టంగా ఉండటంతో అధ్యయనాన్ని ముందే ఆపేశారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సిఫార్సులు మార్చుకుంది.

ఆ అంకెల వెనక ఉన్న గది నాకు ముఖ్యం. బిడ్డల ఇంటెన్సివ్ కేర్‌లోనే తల్లికి మంచం వేశారు. ఆమెకి కావలసిన బాలింత వైద్యం ఆ మంచం దగ్గరికే వచ్చింది. తల్లి అలసిపోతే, ఒంట్లో బాగోకపోతే, అమ్మమ్మో పిన్నో బిడ్డని గుండెకి హత్తుకున్నారు. అక్కడ తల్లి సహాయకురాలు మాత్రమే కాదు, ఆమె కూడా పేషెంటే.

మన దగ్గరికి వస్తే, మా పిన్ని కూతురికి ఏరియా ఆస్పత్రిలో ఆపరేషన్ చేసి ఎనిమిదో నెల బిడ్డని తీశారు. బిడ్డని అంబులెన్సులో జిల్లా ఆస్పత్రికి పంపారు. కుట్లతో అయిదోరోజు తనూ అక్కడికి చేరింది. ‘నీ డిశ్చార్జి అయిపోయింది కదమ్మా’ అన్నారు, మంచం లేదు. వరండాలో దుప్పటి పరుచుకుని, మూడు గంటలకోసారి పిలిచినప్పుడు గిన్నెలో పాలు పిండి ఇచ్చి వచ్చేది. ‘అక్కా, ఇక్కడ నేను పేషెంటునా, అటెండెంటునా?’ అని అడిగింది.

ఆ ప్రశ్న కాగితాల్లోనూ ఉంది. 2011లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం, జబ్బు చేసిన పసిబిడ్డకి ముప్పై రోజులు ఉచిత వైద్యం రాసింది. తల్లికి ఉచిత భోజనం మాత్రం మామూలు కాన్పుకి మూడు రోజులు, ఆపరేషన్‌కి ఏడు రోజులు. ఎనిమిదోరోజు నుంచి ఆ తల్లి ఏం తినాలి? 2017లో కేంద్ర ప్రభుత్వం నవజాత శిశు వార్డుల్లోకి తల్లిదండ్రుల్ని రానిచ్చి, బిడ్డ సంరక్షణలో శిక్షణ ఇవ్వాలని మార్గదర్శకాలు తెచ్చింది. మంచి అడుగే. కానీ పని నేర్పడంతో సరిపెట్టి, పడకా పళ్లెమూ మరిచిపోతే పాత చాకిరీకి కొత్త పేరు పెట్టినట్టే అవుతుంది.

మన పురిటి గది తల్లీబిడ్డల్ని ఒకే మంచం మీద ఉంచింది కదా అని దాన్ని కీర్తించలేను. అది చీకటి గది, కుంపటి పొగ గది, మైల పేరుతో బాలింతని అంటరానిదాన్ని చేసిన గది. అక్కడ ఇద్దర్నీ కలిపి ఉంచింది గౌరవం కాదు. కనుక వెనక్కి వెళ్లమని నేననడం లేదు.

బిడ్డ మంచం పక్కన తల్లికి మంచం కావాలి. బిడ్డ ఎన్నాళ్లుంటే అన్నాళ్లూ ఆమెకి భోజనం, స్నానాల గది, కుట్లు చూసే నర్సు కావాలి. బిడ్డని వేరే ఊరికి పంపితే ఆమెనీ అదే బండిలో, అదే ఊరికి పంపాలి. ఆమె నిద్రపోతున్నప్పుడు బిడ్డని మోసేందుకు తండ్రి ఛాతీ కూడా పనికొస్తుంది, అక్కడ ఆడా మగా తేడా లేదు. కొత్త ఆస్పత్రి భవనం ప్లాను గీసే ప్రతిసారీ ఆ గదిలో మంచాలెన్ని అని మనం అడగాలి. ఉయ్యాలల లెక్క కాదు, మంచాల లెక్క.