కంచె దగ్గరి ముసలామె: ‘హ్యాగ్’ అనే మాట వెనక కథ



వంకర ముక్కు, బోసి నోరు, చేతిలో కర్ర. ఇంగ్లీషు కథల పుస్తకాల్లో ఈ ముసలామె బొమ్మను మనమంతా చూశాం. ఆమె పేరు ‘హ్యాగ్’. ఈరోజు అది తిట్టు. మొదట్నుంచీ అంతేనా?

పాత ఇంగ్లీషులో ఈ మాట ‘హెగ్టెస్సె’. జర్మన్‌లో మంత్రగత్తెను పిలిచే ‘హెక్సె’ దీని చుట్టమే. అందులో మొదటి ముక్కకు కంచె అని అర్థం కావచ్చని చాలామంది భాషా పండితులు అంటారు. అదే నిజమైతే, ఊరు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉండే మనిషి అన్నమాట.

స్కాట్లాండ్ కథల్లో ‘కల్యాక్’ అనే ముసలమ్మ ఉంది. కొండలు ఆమె చేసినవే, చలికాలం ఆమె తెచ్చేదే, జింకలు ఆమె మంద. రష్యా అడవిలోని బాబా యాగా కోడికాళ్ల గుడిసెలో ఉంటుంది. పిల్లల్ని తింటానని భయపెడుతుంది, ఒక్కోసారి దారీ చూపిస్తుంది. అంటే ఈ ముసలమ్మల్లో భయం ఉంది, గౌరవమూ ఉంది.

తర్వాత భయమే మిగిలింది. నిద్రలో ఛాతీ మీద బరువు పడి కదల్లేకపోతే, ఇంగ్లండ్‌లో ‘హ్యాగ్ ఎక్కింది’ అనేవారు. దాన్నే ఇప్పుడు డాక్టర్లు నిద్ర పక్షవాతం అంటున్నారు. 15 నుంచి 18వ శతాబ్దం దాకా యూరప్‌లో మంత్రగత్తెలన్న నేరం మోపి 40 వేల నుంచి 60 వేల మందిని చంపారని చరిత్రకారుల అంచనా. నూటికి 75 మందికి పైగా ఆడవాళ్లే.

కీత్ థామస్, అలన్ మాక్‌ఫార్లేన్ అనే చరిత్రకారులు ఇంగ్లండ్ కేసులు తిరగేస్తే ఒకే కథ మళ్లీ మళ్లీ కనిపించింది. పేద ముసలామె ఇంటికొచ్చి పాలో రొట్టెముక్కో అడుగుతుంది. లేదు పొమ్మంటారు. ఆమె గొణుక్కుంటూ వెళ్తుంది. తర్వాత ఆ ఇంట్లో ఆవు చస్తుంది, లేదా బిడ్డకు జబ్బు చేస్తుంది. అంతే, నేరం ఆమె మీద పడుతుంది. పెట్టలేదన్న తప్పు మనసులో గుచ్చుతుంటే, దాన్ని ఆమె మీదకే నెట్టేశారు.

స్విట్జర్లాండ్‌లో 1782లో అన్నా గోల్డి అనే పనిమనిషి తల నరికారు. ఆమె నిర్దోషి అని అక్కడి ప్రభుత్వం ఒప్పుకున్నది 2008లో. స్కాట్లాండ్ ప్రభుత్వాధినేత 2022లో క్షమాపణ చెప్పారు.

ఇది వాళ్ల చరిత్రే కదా అనుకుంటే పొరపాటు. చిల్లంగి, బాణామతి అనుమానంతో మన ఊళ్లలో ఇప్పటికీ మనుషుల్ని కొడుతున్నారు, చంపుతున్నారు. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు ‘ఫలానా అవ్వే చేసింది’ అనే మాట వినపడితే ఊరుకోవద్దు. జ్వరం వచ్చినవాళ్లను ముందు ఆసుపత్రికి తీసుకెళ్దాం. ఆ అవ్వ ఇంటి గుమ్మంలో మనం నలుగురం కూర్చుందాం.